గంధంవారి వీధి ప్రసన్నం కాలేదు

ప్రభుత్వంవారు అర్జీల పరిష్కారానికి కొత్త నిర్వచనం ఇచ్చారు. అంతవరకూ అర్జీ పరిష్కారమైందంటే సమస్య తీరిందని అర్థం. ఈ పాత అర్థంతో పై అధికారులు చాలా ఇబ్బంది పడ్డారు. సమస్యలు తీరవు గనక అర్జీలు పరిష్కారం కావు. పరిష్కారం కాని అర్జీలన్నీ రాజధానిలో ఎవరిదో కంప్యూటర్లో ఎర్రగా కనిపిస్తూ ఉంటాయి. ఆ ఎరుపు చూసి మంత్రిగారికి రక్తపోటు పెరుగుతోందని వైద్యులు చెప్పారట. కాబట్టి ఇకమీదట అర్జీదారు శాంతిస్తే చాలు, అర్జీ పరిష్కారమైనట్టే పరిగణించాలని ఉత్తర్వు వచ్చింది.

ఆ ఊరి మునిసిపల్ కమిషనర్ మార్కండేయులుగారు ఉత్తర్వు చదివి కళ్ళకద్దుకున్నారు. అప్పటికప్పుడే సిబ్బందిని సమావేశపరిచారు.

"పైపు పగలడం భౌతిక విషయం. పగిలిందని బాధపడటం మానసిక విషయం. భౌతికానికి నిధులు కావాలి, టెండర్లు కావాలి, తవ్వాలి, మళ్ళీ పూడ్చాలి. మానసికానికి మంచి మాట చాలు. ఇన్నాళ్ళూ మనం తప్పు చోట తవ్వుతున్నాం," అన్నారు.

సిబ్బంది చప్పట్లు కొట్టారు. తవ్వడం ఎక్కడా జరగడం లేదని వాళ్ళకి తెలుసు గానీ, ఆ వాక్యం బాగుంది.

తక్కిన ఊళ్ళవాళ్ళు ఈ పనికి ఇంగ్లీషు పేర్లు పెట్టుకుని కౌంటర్లు తెరిచేశారు. మార్కండేయులుగారికి భాషాభిమానం ఉంది. తన విభాగానికి అచ్చమైన, గంభీరమైన, బోర్డు మీద రాస్తే నాలుగడుగులు వచ్చే పేరు కావాలి. జనం తేలిగ్గా శాంతించడాన్ని సూచించే మాట కావాలి. అలాంటి మాట కోసం ఆయన తల పట్టుకుని కూర్చున్న సమయంలోనే పరబ్రహ్మంగారు ఒక సీసా పట్టుకుని లోపలికి వచ్చారు.

పరబ్రహ్మంగారు గవర్నమెంటు కాలేజీలో తెలుగు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. మాటల పుట్టుక ఆయనకు ప్రాణం. కూరగాయల బండి దగ్గర బేరం మధ్యలో ఆగి, 'బేరం' అన్న మాట ఎక్కడిదో చెప్పే రకం. ఉండేది గంధంవారి వీధిలో. ఆ వీధి కుళాయిల్లో కొంతకాలంగా మురుగు కలిసిన నీళ్ళు వస్తున్నాయి. గంధంవారి వీధి అని చెప్పి ఆ సీసా మూత తీస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. అక్కడ ఉండేవాళ్ళకి మాత్రం నవ్వు రావడం లేదు, కామెర్లు వస్తున్నాయి.

"అయ్యా, ఈ నీళ్ళు ఒకసారి చూడండి," అని ఆయన సీసాను బల్లమీద పెట్టారు.

"మహానుభావా! మీరే వచ్చారా! నేనే మీ ఇంటికి రావాలనుకుంటున్నా," అని కమిషనర్ లేచి నిలబడ్డారు. సీసాను పక్కకి జరిపారు. కాఫీ తెప్పించారు. "తొందరగా శాంతించేవాణ్ణి మన భాషలో ఏమంటారు గురువుగారూ?"

ఇన్నేళ్ళలో పరబ్రహ్మంగారిని ఒక అధికారి మాట అర్థం అడగడం అదే మొదలు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చాలా ఉన్నాయండీ. ఆశుతోషుడు అంటాం. ఆశు అంటే త్వరగా. ఆశుకవిత్వం అంటాం చూడండి, అదే ఆశువు. తోషం అంటే తృప్తి. సంతోషం, తుష్టి, పారితోషికం అన్నీ ఆ కుదురులోవే. ఆశుతోషుడంటే చప్పున సంతోషించేవాడు, శివుడు. నాలుగు మారేడాకులు వేస్తే చాలు, కోరిందల్లా ఇచ్చేస్తాడు."

"ఆ ఇవ్వడం సంగతి అలా ఉంచండి. నాలుగు ఆకులు అన్నారు చూశారా, అదీ ముఖ్యం," అన్నారు కమిషనర్, రాసుకుంటూ.

"భోళాశంకరుడని కూడా అంటాం. భోళా ఉత్తరాది మాట, కపటం తెలియనివాడని. ఇక మన జనం పెట్టుకున్నది ఉబ్బులింగడు. కాస్త పొగిడితే ఉబ్బిపోయేవాడన్నమాట."

"అది బోర్డు మీద బాగుండదు. ఇంకా గంభీరంగా?"

"ప్రసన్నుడు. ప్రసన్నత. అయితే ఈ మాటకి అసలు..."

"ప్రసన్నతా విభాగం!" అని కమిషనర్ బల్ల చరిచారు. ఆ అదురుకి సీసా దొర్లి కింద పడింది. అటెండరు దాన్ని తీసుకెళ్ళి బయట పారేశాడు. ఈలోగా పరబ్రహ్మంగారి భుజాలమీద ఒక శాలువా పడింది, చేతికి ఒక పూలగుత్తి వచ్చింది, ఎదురుగా ఒక కెమెరా మెరిసింది. ఆయన్ని విభాగానికి గౌరవ పదసలహాదారుగా నియమించారు. అర్జీదారుల్ని మూడు తరగతులుగా విడదీయాలి, వాటికి పేర్లు చెప్పమన్నారు. పరబ్రహ్మంగారు ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పేశారు. చప్పున శాంతించేవాళ్ళు ఆశుతోషులు. బుజ్జగిస్తే దారికొచ్చేవాళ్ళు అనునేయులు. ఎంత చేసినా మెత్తబడనివాళ్ళు దురారాధ్యులు.

ఇంటికి వెళ్ళేసరికి ఆయన భార్య సుందరమ్మగారు బిందె మూతికి గుడ్డకట్టి నీళ్ళు వడపోస్తున్నారు.

"నీళ్ళ సంగతి ఏమన్నారు?"

పరబ్రహ్మంగారు శాలువా అంచు సవరించుకున్నారు. "చాలా మర్యాదస్థుడు సుమా ఆ కమిషనర్. ధాతువు దగ్గర్నుంచీ అడిగి తెలుసుకున్నాడు."

"నీళ్ళో?"

సుందరమ్మగారు శాలువాను చేత్తో పట్టి నేత చూశారు. "పల్చగా ఉంది. వడపోతకి పనికొస్తుంది," అని భుజమ్మీంచి తీసుకుని నాలుగు మడతలు వేసి బిందెకి కట్టారు.

*

ప్రసన్నతా విభాగం ప్రారంభమైంది. నీటి విభాగం ఉన్న గదినే దానికి ఇచ్చారు. నీటి విభాగాన్ని మెట్లకింద సర్దారు. కొత్త గదికి ఏసీ పెట్టారు. అర్జీదారులకు మజ్జిగ, మెత్తటి కుర్చీలు, గోడమీద సూర్యోదయం బొమ్మ. ప్రసన్నతాధికారిణిగా జలజాక్షిగారిని వేశారు. ఆవిడ అంతకుముందు ఆస్తిపన్ను విభాగంలో పనిచేసేవారు. అక్కడ గొంతు కొంచెం కటువుగా ఉండేది. కమిషనర్ ఆవిణ్ణి శిక్షణకి పంపించి గొంతు మార్పించుకుని తీసుకొచ్చారు.

పని చురుగ్గా సాగింది. వీధిలైటు వెలగడం లేదని వచ్చిన పెద్దమనిషికి మజ్జిగిచ్చి, "అయ్యో, చీకట్లో ఎంత అవస్థ పడుతున్నారో!" అన్నారు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఆశుతోషుడని పచ్చకార్డు ఇచ్చి పంపారు. కుక్క కరిచిందని వచ్చినవాడితో కరిచిన కాలు కనపడేలా ఫొటో దిగారు. వాడూ శాంతించాడు. చెత్త తియ్యడం లేదని కోపంగా వచ్చిన ఒకాయన రెండు గ్లాసుల మజ్జిగ దాకా బిగుసుకున్నాడు గానీ, శాలువా కప్పగానే అనునేయుడైపోయాడు. రాజధాని కంప్యూటర్లో ఆ ఊరు పచ్చబడసాగింది.

ఒక సోమవారం గంధంవారి వీధి నుంచి రత్తమ్మ వచ్చింది. రత్తమ్మ ఆ వీధి మొదట్లో ఇడ్లీలు అమ్ముతుంది. కొడుకు లారీమీద తిరుగుతాడు. కోడలు నాగమల్లి నిండు కడుపుతో ఉంది. ఆ అమ్మాయికి కళ్ళు పచ్చబడ్డాయి. కామెర్లని, కడుపుతో ఉన్నప్పుడు ఇది ప్రమాదమని, ఆ నీళ్ళు ముట్టుకోవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది.

"రండమ్మా, కూర్చోండి. మీ బాధ మాకు తెలుసు," అన్నారు జలజాక్షిగారు కొత్త గొంతుతో.

"తెలిస్తే మంచిదే మేడమ్. పైపు ఎప్పుడు బాగుచేత్తారు?"

"ముందు మజ్జిగ తీసుకోండి."

"మజ్జిగలో నీళ్ళు ఎక్కడియ్యి?"

జలజాక్షిగారి శిక్షణలో ఈ ప్రశ్న రాలేదు. కాగితం తిరగేశారు. "అమ్మా, సూటిగా అడుగుతాను. మీరు ఏ మేరకు అయితే శాంతిస్తారు?"

"మంచినీళ్ళు వత్తే శాంతిత్తా."

"అది భౌతికం. నీటి విభాగం చూసుకుంటుంది. మాది మనసుకు సంబంధించిన వ్యవహారం. నీళ్ళ ప్రసక్తి లేకుండా మీకు ఏం కావాలో చెప్పండి."

"నీళ్ళ కోసం వచ్చి నీళ్ళ మాట ఎత్తొద్దంటే ఎట్టా? నా కోడలు మంచంలో ఉంది. లోపలి బిడ్డకి ఏమవుద్దోనని నాకు నిద్ర లేదు. మీరు మజ్జిగ తాగమంటన్నారు."

"సదరు కోడలికి మా విభాగం తరఫున సానుభూతి పత్రం జారీ చేస్తాం. రంగుల్లో ఉంటుంది."

రత్తమ్మ లేచి నిలబడింది. "మీకు పిల్లలున్నారా మేడమ్?" అంది. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే ఎర్రకార్డు ఇంటికి వచ్చింది. దానిమీద పెద్ద అక్షరాలతో దురారాధ్యురాలు అని ఉంది.

రత్తమ్మకు ఆ మాట కూడబలుక్కుని చదవడమే కష్టమైంది. నేరుగా పరబ్రహ్మంగారి అరుగు దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, ఇదేం తిట్టు? నన్ను ఏమన్నారు వీళ్ళు?"

పరబ్రహ్మంగారు కార్డు చేతిలోకి తీసుకున్నారు. ఆ మాట తానే ఇచ్చారు. కాఫీ తాగుతూ, శాలువా తాకిడి హాయిగా ఉండగా ఇచ్చారు.

"ఎంత చేసినా సంతోషించని మనిషి అని."

"వాళ్ళు ఏం చేశారనీ?"

లోపల నుంచి సుందరమ్మగారు, "ఆ కార్డు ఇటివ్వండి, నేను పొయ్యిలో పెడతా," అన్నారు.

*

రత్తమ్మ అప్రసన్నంగా వెళ్ళిపోవడం కమిషనర్‌గారిని కలతపెట్టింది. ఆయన వెంటనే ఒక సర్క్యులర్ జారీ చేశారు. 'ఇకమీదట ఏ అర్జీదారూ అప్రసన్నంగా విభాగం గడప దాటరాదు. సదరు అర్జీదారు ప్రసన్నులయ్యేవరకు, వారితో మాట్లాడిన సిబ్బంది, అధికారి ఎంతటివారైనా సరే, కార్యాలయం విడిచి వెళ్ళరాదు.' దీనికి రాజధాని నుంచి ప్రశంస వచ్చింది.

దాంతోపాటు ఇంకో పథకం పెట్టారు. అందరూ పచ్చకార్డులవాళ్ళే ఉన్న వీధికి 'ఆశుతోష వీధి' అని పాలరాతి బోర్డు. అలాంటి వీధులకి మునిసిపల్ పనుల్లో ప్రాధాన్యం. అయితే అక్కడివాళ్ళు అప్పటికే సంతోషంగా ఉన్నారు గనక అక్కడ చేయవలసిన పని ఏమీ ఉండదు. ఎర్రకార్డులవాళ్ళున్న వీధుల్లో ఎంత చేసినా సంతోషించరు గనక అక్కడ చేయడం వృథా. ఈ విధంగా ఆ ఏడు నిధులన్నీ ఆదా అయ్యాయి. ఆదా అయిన నిధుల్లో కొంత శాలువాలకి, కొంత పాలరాయికి మళ్ళించారు.

గంధంవారి వీధికి బోర్డు రావడానికి ఒక్క రత్తమ్మే అడ్డు. వీధి సంఘం అధ్యక్షుడు గోవర్ధనం ఆమె ఇడ్లీల బండి దగ్గరికి వచ్చి బతిమాలాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా. ఒక్కసారి వెళ్ళి శాంతించి వచ్చెయ్. పక్కవీధికి బోర్డొచ్చింది. మనకి తలవంపులుగా ఉంది."

"మీ ఇంట్లో మురుగునీళ్ళు రావట్లా?"

"వస్తున్నయ్. మేం క్యాన్లు కొనుక్కుంటున్నాంగా."

"కొనుక్కోలేనోళ్ళం మేం శాంతించాలా?"

గోవర్ధనం నీళ్ళు నమిలి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి కొందరు ఆమె దగ్గర ఇడ్లీ తినడం మానేశారు. ఊరికి వస్తున్న గౌరవాన్ని ఒక ఇడ్లీలామె పట్టుకుని ఆపుతోందని టీకొట్టు దగ్గర చెప్పుకున్నారు. ఆ వారంలోనే నాగమల్లికి వాంతులు ఆగకపోతే జిల్లా ఆసుపత్రిలో చేర్చారు. చూడబోయిన సుందరమ్మగారు ఇంటికొచ్చి ఒక సీసా కడిగి, కుళాయి నీళ్ళు పట్టి, భర్త సంచీలో పెట్టారు.

*

ఆ నెల సమీక్షా సమావేశంలో పరబ్రహ్మంగారు మాట్లాడతానని లేచారు. సంచీలోంచి మళ్ళీ ఒక సీసా తీశారు. ఈసారి దాన్ని బల్లమీద పెట్టలేదు, చేత్తో పట్టుకునే ఉన్నారు.

"ఆనాడు నేను చెప్పబోతే మీరు వినలేదు. ఈ విభాగం పేరు ప్రసన్నత. ప్రసన్నం అన్నది మొదట మనుషుల మాట కాదు. నీళ్ళ మాట. మట్టి, మడ్డి అడుక్కి దిగి పైన తేటపడ్డ నీటిని ప్రసన్నం అన్నారు. కూర్చోవడం, కుదురుకోవడం అనే ధాతువులోంచి వచ్చింది. ప్రసాదమూ అందులోదే. నీళ్ళని చూసి ఆ తరవాత మనసుకి వాడారు. కలత దిగిపోయి తేటపడ్డ మనసు అని. అంతేకాదు. ఆశుతోషుడు అన్నది ఇచ్చేవాడి గుణం. అడిగేవాడిది కాదు. శివుడు త్వరగా సంతోషించి ఇస్తాడు. మీరేమో ఏమీ ఇవ్వకుండా భక్తుణ్ణి సంతోషించమంటున్నారు. మాటని తలకిందులుగా నిలబెట్టారు. మీ పేరు నిజం కావాలంటే ముందు ఈ నీళ్ళు ప్రసన్నం కావాలి!"

నీటి విభాగం ఇంజనీరు చూపు దించుకున్నాడు. మార్కండేయులుగారు నెమ్మదిగా లేచారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"అద్భుతం! మడ్డి అడుక్కి దిగడం! ఇంతటి విషయం మన సంప్రదాయంలో ఉండగా మనం ఫిల్టర్ల గురించి ఆలోచిస్తున్నాం! వెంటనే రాసుకోండి. ప్రసన్న జల పథకం. ప్రజలు కుళాయి నీటిని పాత్రలో పట్టి, కలతపెట్టకుండా, అది స్వయంగా ప్రసన్నమయ్యేవరకు ఓపిక పట్టవలెను. నీటితోపాటు పౌరుడికీ ఓపిక అలవడును. ఇందుకు ఖర్చు లేదు."

జలజాక్షిగారు చప్పట్లు మొదలుపెట్టారు. ఒక శాలువా గాల్లోకి లేచి పరబ్రహ్మంగారి మీదికి వస్తోంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. శాలువా నేలమీద పడింది.

ఇలాంటిది విభాగం చరిత్రలో జరగలేదు. అందరూ కిందపడ్డ శాలువాని చూశారు. దాన్ని ఎవరు తియ్యాలో నిబంధనల్లో లేదు.

"గురువుగారు ఆగ్రహించారు," అన్నారు కమిషనర్ మెల్లగా. దగ్గరికొచ్చి భుజంమీద చెయ్యి వేశారు. "మీ సేవకి శాలువా చాలదు. నేను పొరపాటు పడ్డాను. మీ వీధికి మీ పేరు పెట్టేద్దాం. గంధంవారెవరో ఎవరికి తెలుసు? పండిత పరబ్రహ్మం వీధి. పాలరాతి మీద. కింద బిరుదు కూడా."

పరబ్రహ్మంగారు కోపంతోనే ఉన్నారు. అయితే ఆ క్షణంలో పాలరాతి మీద తన పేరు ఎలా ఉంటుందో ఆయన మనసులో మెదిలింది. సున్న ఎక్కడ వస్తుందో కూడా కనిపించింది. "ఆలోచించి చెప్తాను," అన్నారు. దారిపొడుగునా ఆలోచించారు కూడా. ఇంటికొచ్చాక భార్యకి కొంచెం అటూఇటూగా చెప్పారు.

సుందరమ్మగారు నవ్వలేదు, కోప్పడలేదు. "పండిత పరబ్రహ్మం వీధిలో మురుగునీళ్ళు తాగి రత్తమ్మ కోడలికి ఇలా అయిందని రేపు చెప్పుకుంటారు. మీ పేరుతోనే చెప్పుకుంటారు. పర్వాలేదా?" అన్నారు.

పరబ్రహ్మంగారు ఆ పూట భోజనం చెయ్యలేదు. లేచి చెప్పులేసుకున్నారు.

"ఎక్కడికి?"

"రత్తమ్మ ఇంటికి. ఆ సర్క్యులర్‌లో ఒక వాక్యం ఉంది. అది నేనే దిద్దాను, అక్షరదోషాలు లేకుండా."

*

సోమవారం ఉదయం ప్రసన్నతా విభాగం తలుపులు తెరవగానే గంధంవారి వీధి ఆడవాళ్ళు లోపలికి వచ్చారు. ముందు రత్తమ్మ, పక్కన సుందరమ్మగారు, వెనక పరబ్రహ్మంగారు. మెత్తటి కుర్చీలు నిండిపోయాయి, తక్కినవాళ్ళు కింద కూర్చున్నారు. అందరి అర్జీ ఒక్కటే, నీళ్ళు.

మజ్జిగ వచ్చింది. వద్దన్నారు. శాలువాలు వచ్చాయి. మడతపెట్టి పక్కన పెట్టారు. జలజాక్షిగారు ఫొటో దిగుదామన్నారు. దిగారు, ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నానికి సానుభూతి పత్రాలు ముద్రించి పంచారు. వాటితో విసురుకున్నారు, ఎందుకంటే కరెంటు పోయింది.

సాయంత్రం కార్యాలయం మూసే వేళ అయింది. గుమాస్తాలు సంచులు సర్దుకున్నారు. అప్పుడు పరబ్రహ్మంగారు లేచి సర్క్యులర్ చదివి వినిపించారు. అర్జీదారు ప్రసన్నులయ్యేవరకు సిబ్బంది కార్యాలయం విడిచి వెళ్ళరాదు. గుమాస్తాలు సంచులు దించారు.

"ఏదో ఒకటి అనండమ్మా, శాంతించామని," అన్నారు జలజాక్షిగారు. గొంతులో శిక్షణ సగం జారిపోయింది. "మా ఇంట్లో అత్తగారు ఒక్కరే ఉన్నారు."

"మా ఇంట్లో మంచం ఖాళీగా ఉంది మేడమ్. కోడలు ఆసుపత్రిలో ఉంది," అంది రత్తమ్మ. ఆ మాటలో కోపం లేదు.

సంగతి తెలిసి కమిషనర్ స్వయంగా దిగి వచ్చారు. ఆ రాత్రి రైలుకే ఆయన రాజధాని వెళ్ళాలి. రాష్ట్రంలో అత్యంత ప్రసన్న నగరానికి బహుమతి ఇస్తున్నారు, అది ఆయన అందుకోవాలి. కారులో కొత్త కోటు సిద్ధంగా ఉంది.

"అమ్మా, మీలో ఒక్కొక్కరూ ఒక్కొక్క శక్తి స్వరూపం..." అని మొదలుపెట్టారు.

"మాట్లాడారు," అన్నారు పరబ్రహ్మంగారు.

"ఏమిటి?"

"మీరు అర్జీదారులతో మాట్లాడారు. మాట్లాడిన అధికారి, ఎంతటివారైనా సరే, వీళ్ళు ప్రసన్నులయ్యేవరకు వెళ్ళరాదు. వెళితే మీ సర్క్యులర్‌ని మీరే ఉల్లంఘించినట్టు. రాజధానిలో దీన్ని మెచ్చుకున్నారు కూడానూ."

మార్కండేయులుగారు గుమ్మం వైపు చూశారు. ఆడవాళ్ళు గుమ్మానికి అడ్డంగా లేరు. దారి ఖాళీగానే ఉంది. అడ్డంగా ఉన్నది ఆయన సంతకం. కార్యాలయంలో ఒక్క అర్జీ ఎర్రగా మిగిలినా బహుమతి చేజారుతుందని గుమాస్తా చెవిలో చెప్పాడు. కమిషనర్ గడియారం చూసుకున్నారు. మెట్లకింద ఉన్న ఇంజనీరుని పిలిపించారు.

"ఏదో ఒకటి భౌతికంగా చేసెయ్యవయ్యా!" అని అరిచారు.

"చెయ్యొచ్చు సార్. పెద్ద పని కూడా కాదు. నిధులే లేవు. అన్నీ ఇటు మళ్ళించారు కదా."

"శాలువాల పద్దులోంచి తియ్యి!"

ఆ రాత్రే ఫిట్టర్లు వచ్చి, ఆడవాళ్ళు చూస్తుండగా గంధంవారి వీధి మలుపులో మురుగుకాలువ పక్కన తవ్వారు. కుళాయి గొట్టం కాలువ లోంచే పోతోంది. అతుకు దగ్గర పాత సైకిల్ ట్యూబు చుట్టి ఉంది.

"ఇది ఎవరు చుట్టారు?" అని సుందరమ్మగారు అడిగారు.

"మేమే అమ్మా. తాత్కాలికంగా," అన్నాడు ఫిట్టరు. ఏ సంవత్సరపు తాత్కాలికమో అతనికి గుర్తులేదు.

గొట్టాన్ని కాలువ పైనుంచి తిప్పి కొత్త అతుకు వేశారు. కాసేపు ఎర్రటి నీళ్ళు, తరవాత తెల్లటి నీళ్ళు వచ్చాయి. రత్తమ్మ దోసిట్లో పట్టి వాసన చూసింది.

జలజాక్షిగారు పచ్చకార్డు, పెన్ను పట్టుకుని పరుగున వచ్చారు. "ఇప్పుడు ప్రసన్నులయ్యారు కదమ్మా? ఇక్కడ వేలిముద్ర వెయ్యండి."

"నీళ్ళు బాగయినయ్. అదే రాసుకోండి," అంది రత్తమ్మ. "నా కోడలు ఇంటికి రానీయండి. అప్పుడు నేను సంతోషంగా ఉన్నానో లేదో నాకే తెలుస్తుంది. మీకు చెప్పాల్సిన పని లేదు."

ఆమె వేలిముద్ర వెయ్యలేదు. రికార్డుల్లో 'సమస్య తీరింది' అని రాయడానికి గడి లేదు. ఉన్న గడులు మూడే. అందుచేత గంధంవారి వీధి అర్జీ అప్రసన్నంగానే నమోదైంది. కమిషనర్ రైలు అప్పటికే వెళ్ళిపోయింది. అయినా బహుమతి ఆ ఊరికే వచ్చింది. తక్కిన వీధులన్నీ పచ్చగా ఉన్నాయి గనక, ఒక్క వీధిని ఊరి లెక్కలోంచి తొలగించి ఇచ్చారు. నివేదికలో ఆ వీధిని ఊరి మొత్తం మీద విఫలమైన ఏకైక వీధిగా పేర్కొన్నారు. పనులు ఆగి తక్కిన వీధుల గొట్టాలూ పాడవడంతో, ఊళ్ళో మంచినీళ్ళు వచ్చేది కూడా ఆ ఒక్క వీధిలోనే. తెల్లవారేసరికి ఆశుతోష వీధుల వాళ్ళంతా పాలరాతి బోర్డుల కిందుగా బిందెలు మోసుకుని అక్కడికి వచ్చేవారు.

నాగమల్లి బతికింది. బిడ్డ నెల ముందే పుట్టి, కొన్నాళ్ళు గాజుపెట్టెలో ఉండి, ఇంటికి వచ్చింది. ఆడపిల్ల.

మార్కండేయులుగారికి పదోన్నతి వచ్చింది. ఆయన రాజధానిలో రాష్ట్ర ప్రసన్నతా సంచాలకులయ్యారు. ఒక ఉదయం అక్కడి నుంచి పరబ్రహ్మంగారికి ఫోను చేశారు.

"గురువుగారూ, మీరు లేకపోతే నేను లేను. రాష్ట్రమంతటికీ ఒక నిఘంటువు వేయిస్తున్నాం. మీరే సంపాదకులు. తొలిపేజీలో నిలువెత్తు ఫొటో. మీవంటి పండితుడు ఈ తరంలో..."

"ఏవండీ, నీళ్ళొచ్చాయి!" అని పెరట్లోంచి సుందరమ్మగారు కేకేశారు.

పరబ్రహ్మంగారు ఫోనుని కిటికీలో పెట్టి బిందె తీసుకుని పెరట్లోకి వెళ్ళారు. ఆయన రెండో బిందె నింపి తిరిగొచ్చేసరికి కూడా కిటికీలో పొగడ్త ఆగలేదు. మూడో బిందె కోసం మళ్ళీ వెళ్ళారు.